ఏడు రాళ్ల తోట

ఆ పొద్దు మబ్బు పట్టింది. మాఘంలో పట్టకూడని మబ్బు. కురిసే మబ్బు నల్లగా ఉంటుంది, పోయే మబ్బుకు అంచు ఉంటుంది. దీనికి ఆ రెండూ లేవు. తడిసిన గోనెపట్టా ఆరేసినట్టు జనగామ మీద పడి ఉంది. ఎండ లేకపోతే నా తోటలో సగం పూలు విప్పుకోవు. పక్కనున్న హీర్యా తోటకు ఆ బాధ లేదు. అతను పెట్టినవి ఎండను అడిగి పూసే మొక్కలు కావు. ఆ మబ్బు కూడా అతని వైపే ఉందేమో అనిపించింది నాకు. అప్పటికే మా ఇద్దరి మధ్య మాటలు తగ్గి వారమైంది.

నా పేరు ఎర్రయ్య. మాది లింగాల ఘనపూర్ దగ్గర పల్లె. ఊరి బడిలో ఏడు దాకా చదివాను. జగపతి పటేలు నర్సరీలో తొమ్మిదేండ్లుగా పని చేస్తున్నాను. హీర్యా వచ్చి మూడేండ్లు. వాళ్లది దేవరుప్పుల అవతల తండా. భార్య గోరీ మధ్యాహ్నం రొట్టెలు తెచ్చేది. ముగ్గురం ఒకచోటనే తినేవాళ్లం. నేను పెద్దగా మాట్లాడను. హీర్యా నాకంటే తక్కువ మాట్లాడతాడు. అందుకే పొసిగింది.

ఆ చలికాలం నర్సరీ బోరు సగానికి పడిపోయింది. పటేలు మా ఇద్దరినీ పిలిచాడు.

“ఒక్కని పనే ఉన్నది. ఇద్దర్ని సాదుడు నాతోని కాదు,” అన్నాడు. “కాలేజి గ్రౌండుల పూల ప్రదర్శన పెడుతున్నరు గదా. రెండు జాగలు తీస్కున్న. ఆరు నంబరు ఎర్రయ్యది, ఏడు నంబరు హీర్యాది. ఎవని తోట బాగున్నదని జనం ఎక్కువ చీటీలేస్తే వాడుంటడు. మీరిద్దరు నాకు రెండు కండ్లు. ఏ కన్ను దియ్యాల్నో జనమే చెప్పనీ.”

నవ్వుతూ అన్నాడు. మేం నవ్వలేదు.

హీర్యా ఓడితే పుణె పోవాలి. వాళ్ల అన్నలిద్దరూ అక్కడే సిమెంటు మోస్తున్నారు. నేను ఓడితే ఎక్కడికి పోవాలో నాకే తెలియదు. నా ఎడమ మోకాలు వంగదు. కూర్చుని కలుపు తీయగలను, నిలబడి నీళ్లు పట్టగలను. మెట్లెక్కే పని ఏదీ నాది కాదు. యాభై దాటిన కుంటివాడిని ఎవరు పెట్టుకుంటారు? ఆ మాట హీర్యాకు తెలుసు. అతని పుణె సంగతి నాకు తెలుసు. తెలిసీ ఒకరి తోటను ఒకరం చూసుకుంటూ పని చేశాం.

ప్రదర్శన మూడు రోజులు. జనగామలో అంత పెద్దది అంతకు ముందు జరగలేదు. మానుకోట నుంచి, భూపాలపల్లి నుంచి, తొర్రూరు నుంచి వచ్చి పద్నాలుగు తోటలు కట్టారు. ఒక్కో తోట ముందర ఒక రేకు డబ్బా, దారంతో కట్టిన పెన్ను, కట్టగా చీటీలు. చీటీ మీద మూడు గీతలు: పేరు, ఊరు, మీ అభిప్రాయం.

ముందు రోజు హీర్యా మోదుగ పూల కోసం అడవి వైపు పోయాడు. నేనొక్కణ్ణే ఉన్నాను. నా తోట చుట్టూ అంచు కట్టడానికి పటేలు ట్రాక్టరులో రాళ్లు పంపాడు. వాటికి సున్నం కొట్టి పేర్చాను. చివరికి ఏడు మిగిలాయి. దారిలో ఉన్నాయని పటేలు కేకేశాడు.

“ఎవని కాలుకన్న తగుల్తయిరా. అవుతల పెట్టు.”

అవతల అంటే ఏడు నంబరు. దాని వెనక ఒక వేపచెట్టు ఉంది. ఆ చెట్టు మొదట్లో ఏడింటినీ వరుసగా నిలబెట్టాను. పడేస్తే సున్నం రాలుతుందని నిలబెట్టాను. అప్పుడైతే అట్లాగే అనుకున్నాను.

“ఇంకోటి ఎర్రయ్యా,” అని పటేలు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “కుండీల మీద, కవర్ల మీద కడియం పేరున్నది. గోకెయ్. దినాలు మంచిగ లేవు. ఎవడన్న అడిగితే మనమే పెంచినమని చెప్పు.”

నా తోటలో పూలన్నీ గోదావరి జిల్లా నుంచి లారీలో దిగినవే. మా వైపు చాలా నర్సరీలు అట్లాగే నడుస్తాయి. మొక్క వాళ్లది, నీళ్లు మనవి. ఇన్నేండ్లలో ఎవరూ అడగలేదు. ఆ ఏడాది మాత్రం తెలంగాణ కొట్లాట నడుస్తోంది, పువ్వును కూడా నీది ఏ ఊరని అడిగే కాలం. పొద్దుగూకే దాకా కొడవలి మొనతో పేర్లు గోకాను. చినిగిన కవర్లు మట్టిలో పాతాను.

తెల్లారి ఆ మబ్బు కింద హీర్యా, గోరీ వచ్చారు. హీర్యా భుజం మీద మోదుగ కొమ్మలున్నాయి. వేపచెట్టు దగ్గర ఆగిపోయాడు. కొమ్మలు దించలేదు. గోరీ ముసుగు ముందుకు లాక్కుంది. ఇద్దరూ వాళ్ల భాషలో ఏదో అనుకున్నారు. మూడేండ్లుగా వింటున్నా నాకు ఆ భాషలో నీళ్లు, రొట్టె, రా, పో తప్ప రావు. ఆ మాటల నడుమ నా పేరు ఒకసారి వచ్చింది.

హీర్యా నా వైపు చూశాడు. రాళ్లు ఎవరు పెట్టారని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. అడగనిది నేనెందుకు చెప్పాలి? గడ్డి మీద నీళ్లు చల్లుతూ ఉండిపోయాను. కాసేపటికి తల తిప్పితే ఏడు రాళ్లకూ పసుపు ఉంది, కుంకుమ ఉంది. ముందర మోదుగ పూలున్నాయి.

సంగతి నాకు తెలిసిపోయిందనుకున్నాను. నేను పక్కన పెట్టిన రాళ్లను దేవతలను చేసుకున్నాడు. దేవత ఉంటే జనం ఆగుతారు. ఆగిన జనం చీటీ వేస్తారు. మూడేండ్లు పక్కన కూర్చుని తిన్నా ఈ మనిషి లోతు తెలియలేదే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అతని తోట ఏముంది? తంగేడు, కలబంద, జిల్లేడు, ఎండిన గునుగు కట్టలు. నడుమ పాత కుండ పెంకులతో కట్టిన చిన్న కాలువ. అందులో నీళ్లు లేవు. అంచున మోదుగ. మొదట వచ్చిన ఇద్దరు ముగ్గురు చూసి నవ్వారు.

“గిది తోటనా, చెలక గట్టునా?”

“గట్టు మీదనే పండుకో పో, మంచిగ నిద్ర పడ్తది.”

ఆ నవ్వు నాకు బాగానే వినిపించింది.

పదింటికి జనం పెరిగారు. తోటమాలికి పని అయిపోయాక మిగిలేది చెవులే. భూపాలపల్లి గనుల కాలనీ వాళ్లు బొగ్గు పెళ్లలతో గుట్ట కట్టి, సందుల్లో పసుపు పూలు గుచ్చారు. దాని ముందర ఒకాయన తలగుడ్డ సర్దుకుంటూ అన్నాడు:

“గుట్ట బాగనే ఉన్నది. బొగ్గు మనది, పొగ మనది. కరెంటు బుగ్గ ఎవలింట్ల ఎలుగుతున్నదో గది గూడ రాస్తే అయిపోవు.”

మానుకోట వాళ్లు మిరప మొక్కలతో రైలింజను చేశారు. దాని చుట్టూ కాలేజీ పోరగాళ్లు.

“ఏందిరా, ఆగుతదా పోతదా?”

“మానుకోటల ఏ రైలు ఆగుతదో పోలీసులకే ఎర్కలేదు, మిరపచెట్టుకేం ఎరుక!”

నిరుడు ఎండాకాలం మానుకోట స్టేషన్లో రాళ్లు లేచిన సంగతి ఊరూరా తెలుసు. ఆ పేరు వినపడగానే పది మంది నవ్వారు. నవ్వి, వెనక్కి తిరిగి ఎవరు విన్నారో చూసుకున్నారు. అప్పుడు అందరికీ అలవాటైన చూపు అది.

నా దగ్గరికి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి గడ్డి మీద కాలు పెట్టారు.

“మెత్తగున్నదే పిల్లా, పరుపు లెక్క.”

“తొక్కకు. ఎవల గడ్డో ఏమో.”

వాళ్ల వెనకే సాంసన్ సారు వచ్చాడు. దేవరుప్పుల బడిలో పంతులు. సభల్లో మైకు ఆయన చేతికే ఇస్తారు. డాలియా కుండీ దగ్గర కూర్చుని వేలు మట్టిలోకి దించాడు.

“గివి మీరే పెంచిన్రా?”

“మేమే సారూ.”

“ఎన్ని నెలలయింది?”

“మూడు.”

“మూడు నెలలు నీ దగ్గరుంటే నీ చెలకల ఎర్రమట్టి ఉండాలె గదనే. గీ మట్టి నల్లగ, జిగటగ ఉన్నది. గోదారి ఒండ్రు లెక్క.”

ఆయన నా గోళ్ల వైపు చూశాడు. వాటి కింద నిన్న గోకిన రంగు ఇంకా ఉంది. ఆయన చీటీ రాసి, నాలుగు మడతలు పెట్టి డబ్బాలో వేశాడు. ఏం రాశాడో అని ఆ రోజంతా డబ్బా వైపే చూశాను.

ఇంకొకాయన కూడా ఉన్నాడు. గళ్ల చొక్కా, మామూలు ప్యాంటు. కాళ్లకు మాత్రం ఠాణా బూట్లు, పాలిష్ పెట్టిన గోధుమరంగువి. పూలు చూసే మనిషి పూల దగ్గర వంగుతాడు. ఈయన డబ్బాల దగ్గర వంగుతున్నాడు. ఎవరైనా చీటీ రాస్తుంటే భుజం మీది నుంచి చూస్తున్నాడు. నాకు కనపడింది పక్కవాళ్లకు కనపడదా? ఆ తలగుడ్డ ఆయనే గట్టిగా అన్నాడు:

“పువ్వు బాగున్నదనడానికి పేరెందుకురా, ఊరెందుకు? పోయిన నెల మావోళ్లు ఓ కాయితం మీద సంతకం జేస్తే ఒక పూటంత ఠాణల కూసుండబెట్టిన్రు. రాయకున్రి.”

ఊళ్ల నుంచి వచ్చిన వాళ్లు పెన్ను కింద పెట్టారు. కాలేజీ పోరగాళ్లు మాత్రం కట్టలు కట్టలుగా రాయడం మొదలుపెట్టారు. పేరు: తెలంగాణ. ఊరు: తెలంగాణ. అభిప్రాయం: జై తెలంగాణ. ఏ తోట అని లేదు, ఏ డబ్బా దగ్గరుంటే అందులో వేశారు. ఆరు నంబరు దారి మలుపు మీద ఉంది. నా డబ్బా చప్పుడు చేస్తూ నిండింది.

ఏడు నంబరు దగ్గరికి వచ్చేసరికి ఆ పోరగాళ్లే నెమ్మదించారు. ఒకడు రాళ్లను చూసి చెప్పులు విడిచాడు. మిగిలిన వాళ్లు కూడా విడిచారు. దండం పెట్టి పోయారు. అక్కడ చీటీ రాశారో లేదో నేను చూడలేదు. చెప్పుల కుప్పనే చూశాను.

మధ్యాహ్నం ఒక కానిస్టేబుల్ వచ్చి రాళ్ల ముందు నిలబడ్డాడు.

“గీ రాళ్లేంది? మానుకోట కథ ఈడ జేస్తరా?”

“దేవుండ్లు సారూ,” అన్నాడు హీర్యా.

“ఎన్నున్నరు?”

“ఏడుగురు.”

కానిస్టేబుల్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. సాయంత్రం మళ్లీ వచ్చి లెక్కపెట్టాడు. “ఏడు. మంచిది. ఎనిమిది కావద్దు, ఆరు కావద్దు,” అని హెచ్చరించి పోయాడు. తర్వాతి రెండు రోజులు కూడా వచ్చి లెక్కపెట్టాడు.

రెండో రోజు జనగామ అంగడి. చుట్టూ తండాల ఆడవాళ్లు దిగారు. అద్దాల రవికెలు, చేతులనిండా గాజులు. ఒక ముసలామె మోదుగ పూల వెనక రాళ్లను చూసి, నెత్తి మీది గంప దించి అక్కడే కూలబడింది. ఆమె వెంట ఇరవై మంది. గంటసేపటికి మా ఊళ్ల ఆడవాళ్లు కూడా చేరారు. కొబ్బరికాయలు వచ్చాయి. ఊదుబత్తులు వచ్చాయి. ప్రదర్శన వాళ్లు అడ్డం చెప్పబోతే “తల్లి దగ్గర నీ పెత్తనమేంది?” అన్నారు. పద్నాలుగు తోటల్లో జనం ఉన్నది ఆ ఒక్క తోట దగ్గరే. నా డాలియాల మీద వాళ్ల గంపలు పెట్టుకున్నారు.

ఆగలేకపోయాను. హీర్యా దగ్గరికి పోయాను.

“మంచి ఉపాయం జేసినవ్.”

“ఏం ఉపాయమన్నా?”

“తోటకు తల్లులను తెచ్చి పెట్టుకున్నవ్.”

హీర్యా కింద పడ్డ కొబ్బరి చిప్పను పక్కకు జరిపాడు. “నేను పెట్టిన్నా?” అన్నాడు.

“పసుపు ఎవలు పెట్టిన్రు మరి?”

“పసుపు గోరీ పెట్టింది. నిలబెట్టిందెవరో నీకెరుకనే.”

నేను నిలబెట్టిన రాళ్లను వాడుకుని, తప్పు నా మీదికే నెడుతున్నాడనుకున్నాను. తిరిగి వచ్చేశాను. ఆ మధ్యాహ్నం గోరీ నా రొట్టెలు గుడ్డలో చుట్టి కుండీ మీద పెట్టి పోయింది. వాళ్లిద్దరూ చెట్టుకు అవతల కూర్చుని తిన్నారు.

మూడో రోజు మబ్బు విడిచింది. నా పూలన్నీ ఒకేసారి విప్పుకున్నాయి. అంత బాగా ఎప్పుడూ పూయలేదు. దారిన పోయేవాళ్లు ఒకసారి చూసి ఏడు నంబరుకు నడిచారు. ఓడిపోయానని నాకు పొద్దున్నే తెలిసిపోయింది. బంతుల్లో వాడినవి గిల్లుతూ, సోమవారం నుంచి ఎక్కడికి పోవాలో ఒక్కో ఊరే అనుకుంటూ కూర్చున్నాను. ఘనపూర్‌లో బియ్యం మిల్లు ఉంది, అక్కడ బస్తాలు. తొర్రూరులో బస్టాండు హోటలు ఉంది, అక్కడ మెట్లు.

ఐదింటికి జనాన్ని బయటికి పంపి డబ్బాలు తెరిచారు. పటేలు మా రెండింటినీ నా గడ్డి మీద బోర్లించాడు. నాది కుప్ప పడింది. హీర్యా డబ్బా నుంచి పడినవి తొమ్మిది.

పటేలు డబ్బా అడుగు తట్టాడు. లోపల చేయి పెట్టి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

“మూడు దినాలు ఆడ జాతర లెక్క జనం. తొమ్మిదే చీటీలా? ఏరా ఎర్రయ్యా, ఈ డబ్బ ముట్టినవా?”

“ముట్టలే పటేలా.”

“మరి చీట్లకు రెక్కలొచ్చినయా?”

హీర్యా అక్కడే ఉన్నాడు. నేను దొంగను కానని ఒక్క మాట అంటాడేమో అని చూశాను. అనలేదు. నిన్న నేను అన్న మాట తర్వాత ఎందుకంటాడు?

అంగడి నాటి ముసలామె ఆ పూట కూడా వచ్చి ఉంది. రాళ్ల ముందర దీపం వత్తి సర్దుతోంది. పటేలు ఆమెను పిలిచాడు.

“అవ్వా, నిన్నట్నుంచి ఈడనే ఉన్నవ్ గదా. తోట మంచిగున్నదని ఒక్క చీటీ ఎందుకెయ్యలే? రాసేటోళ్లను అడిగితే రాద్దురు గదా?”

ముసలామె చెవి దగ్గర చేయి పెట్టుకుని విన్నది. విని నోరు నొక్కుకుంది.

“తల్లి బాగున్నదా లేదా అని చీటీ రాస్తరా బిడ్డా? తల్లి మనల్ని జూడాలె గాని మనం తల్లికి మార్కులేస్తమా? కండ్లు పోవా?”

పటేలు వేపచెట్టు వైపు చూశాడు.

“ఆ రాళ్లు ఎవడు పెట్టిండు?”

హీర్యా నా వైపు చూశాడు. గోరీ చూసింది. ఏడుగురు తల్లుల సంగతి ఏమో గాని, ఆ నాలుగు కళ్ల ముందు నేను అబద్ధం ఆడలేకపోయాను. ఒక అబద్ధం అప్పటికే మట్టిలో పాతి ఉంచాను.

“నేనే పటేలా. మిగిలినయని అటు పెట్టిన.”

పటేలు పకపకా నవ్వాడు. నా వీపు మీద ఒక్కటి చరిచాడు.

“వారీ! తొమ్మిదేండ్లల్ల నీకు గింత దిమాకున్నదని నాకు ఎర్కలేకపాయె! జనం మొక్కుతరు, చీటీ మాత్రం ఎయ్యరు. గియ్యాల్టి రోజుల గిసుంటోడే కావాలె.”

“ఎరుక లేక పెట్టిన పటేలా.”

“ఎరుక లేక! గట్లనే చెప్పు, ఎవలడిగిన గట్లనే చెప్పు.” ఇంకా నవ్వుతున్నాడు. “నువ్వే ఉండు. హీర్యా, సోమవారం వచ్చి నీ లెక్క తీస్కపో.”

“పటేలా, చీట్లల్ల ఏమున్నదో చదువున్రి. నా తోట ఊసే లేదు. అన్ని జై తెలంగాణనే,” అన్నాను.

“జై తెలంగాణ అంటే కాదనేటోన్ని నేనా? పడ్డయా లేదా? గంతే.”

ఆయన కారెక్కి పోయాడు.

నేను గడ్డి మీద కూర్చుని చీటీలు తిప్పాను. సాంసన్ సారు మడత దొరికింది. ‘తోట బాగుంది. తోటమాలి చెప్పిన మాట బాగలేదు.’ హీర్యా తొమ్మిదింటిలో ఒకటి చదివాను. ‘ఈ నీళ్లు లేని కాలువ చూస్తే మా ఊరి కాలువ యాదికొచ్చింది. అదీ ఇట్లాగే ఉంది.’ తొమ్మిదింటి మీదా పేరూ ఊరూ రెండూ రాసి ఉన్నాయి. భయపడకుండా రాసిన వాళ్లు ఆ తొమ్మిది మందే. ఆ చీటీలు హీర్యాకు ఇచ్చాను. అతను చదవలేదు. అంగీ జేబులో పెట్టుకున్నాడు.

“మొన్న పొద్దుగాల్నే ఎందుకు తియ్యలేదు?” అని అడిగాను. “నిలబడ్డ రాళ్లను అవుతల పారేస్తే అయిపోవు.”

“వేపచెట్టు కింద, సున్నం బెట్టి, ఏడుగురిని వరుసబెట్టి నిలబెట్టినవ్. ఎట్ల పారేస్త?” అన్నాడు హీర్యా. “మేం గట్ల పారెయ్యం.”

గోరీ అందుకుంది. “ఒట్టిగ నిలబెట్టి ఉంచుతె పాపమని పసుపు పెట్టిన ఎర్రన్నా. పెట్టేటప్పుడే ఆయనకు చెప్పిన. ఇగ చీటీలు పడయి, మన పని పోయినట్టే అని.”

“నాకు ఎర్కలేదు చెల్లె.”

“మా తండాకు రాలేదా నువ్వు? తీజ్ పండుగకు రెండేండ్లు వచ్చినవ్. తండా మొగదలనే ఉంటది వేపచెట్టు. జూడలేదా?”

చూశాను. ఆ మాట పైకి అనలేదు గాని చూశాను. ఏడు రాళ్లు, ఈ పొడవువే, సున్నం పూసినవి. వాటి పక్క నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాను. ఎందుకని హీర్యాను అడిగాను కూడా. తండాను కాసే ఏడుగురు తల్లులని అతను చెప్పాడు.

బూట్లు చూసి పోలీసును పోల్చినవాణ్ణి నేను. గంపలో ఏముందో నడక చూసి చెప్పగలను. అలాంటివాణ్ణి ఆ ఏడింటినీ మరిచిపోతానా? ఆ సాయంత్రం ఆ రాళ్లను పడుకోబెట్టొచ్చు. కుప్ప పోయొచ్చు. చెట్టుకు అటు పక్క పెట్టొచ్చు. వరుసగా, దారికి ఎదురుగా ఎందుకు నిలబెట్టాను? సున్నం రాలుతుందనేనా? మూడు రోజులు హీర్యాను అనుమానించాను. ఇప్పుడు నా చేతుల వైపు చూసుకుంటే వాటినీ నమ్మబుద్ధి కాలేదు. పటేలు అన్నదే నిజమేమో. నాకు తెలియకుండా నాలో ఎవడో ఆ లెక్క వేసి ఉంటాడేమో. ఆ సంగతి నాకు ఇవాళ్టికీ తేలలేదు.

పొద్దు గుంకుతోంది. భూపాలపల్లి వాళ్లు బొగ్గు పెళ్లలు బస్తాల్లోకి ఎత్తుకుంటున్నారు.

“హీర్యా,” అన్నాను. “పదిహేను దినాలు నువ్వు చెయ్యి. పదిహేను దినాలు నేను చేస్త. పటేలుకు ఒక్క మనిషి గావాలె. ఒక్క మనిషే ఉంటడు.”

“గిండ్ల ఏం మతలబున్నదన్నా?”

“ఏం లేదు.”

“ఏం లేకుంటే ఎందుకిస్తవ్?”

ఏం చెప్పినా అతను నమ్మడు. అతని చోట నేనున్నా నమ్మను.

“పటేలు ఒప్పుకోకుంటే?” అన్నాడు.

“మొదటి పదిహేను దినాలు నేను రాను. పని ఆగితే ఆయననే ఒప్పుకుంటడు.”

హీర్యా గోరీ వైపు చూశాడు. ఆమె వాళ్ల భాషలో రెండు మాటలంది. అతను నేల మీద పుల్లతో గీత గీసి చెరిపాడు.

“సోమవారం నేనొస్త,” అన్నాడు చివరికి. “నువ్వు రాకు. ఇటు తొంగి గూడ జూడకు. మల్ల జూద్దాం.”

“సరే.”

“తల్లులను గీడ ఇడిసిపెట్టొద్దు,” అన్నది గోరీ. “నిలబెట్టినోడే ఎత్తాలె. రేపు తండా దాక నువ్వే మొయ్యాలె ఎర్రన్నా, మోకాలు నొచ్చినా సరే. ఆడ మా పెద్దమనుషులు అడుగుతరు. ఏం జెప్పుకుంటవో చెప్పుకో.”

“మోస్త.”

ముసలామె దీపం వెలిగించి లేచి పోయింది. గోరీ మూట విప్పింది. జొన్నరొట్టెలు, పచ్చిమిరప తొక్కు, రెండు ఉల్లిగడ్డలు. మధ్యాహ్నం ఎవరూ ముట్టనివి, గట్టిపడ్డాయి. చెట్టుకు అవతల కాదు, ఇవతల నా గడ్డి అంచున గుడ్డ పరిచింది. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. మూడు చోట్ల రొట్టెలు పెట్టింది. నేను కాలు చాపుకుని కూర్చున్నాను. హీర్యా నాకు ఎదురుగా కూర్చున్నాడు. ఉల్లిగడ్డను రాయి మీద పెట్టి పిడికిలితో కొట్టాడు. ఒక ముక్క గోరీకి, ఒక ముక్క నాకు తోశాడు. ముగ్గురం తలలు వంచుకుని నమిలాం.